మర లేని మూతి

తుపాకి గొట్టంలో గుండు బయటపడే చివరను మూతి అంటారు. ఈనాటి రైఫిళ్ళలో మూతి బయటి అంచున సన్నటి మరలు కోసి ఉంటాయి. మెరుపును దాచే గరాటా కావచ్చు, వెనక్కి తన్నే దెబ్బను తగ్గించే బ్రేకు కావచ్చు, వాటి మీద తిప్పి బిగిస్తారు. పాత రైఫిలు మూతి నున్నగా ఉంటుంది. దానికి ఏదైనా తగిలించాలంటే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. తగిలించిన వస్తువు ఊడిపోకుండా దేన్ని పట్టుకుని ఉంటుందన్నది ఒకటి. గొట్టం లోపలి దారికి అది తిన్నగా ఉంటుందా లేదా అన్నది రెండోది. మొదటిదాన్ని పట్టు అనుకుంటే రెండోది సూటి. మర లేని గొట్టం కథంతా ఈ రెంటినీ ఒకేచోట సంపాదించలేక పడిన పాట్ల కథ.

సీతంపేట కొండల్లో తిరిగిన తుపాకులు చాలావరకు నున్నటి మూతివే. పార్వతీపురం మన్యం జిల్లాలో ఐటీడీఏ కేంద్రమైన ఈ ఊరి చుట్టూ సవరలు, జాతాపులు ఎక్కువ. పోడు చేలో అడవిపందిని బెదరగొట్టే నాటు తుపాకి, పల్లంలో ఆసాముల ఇళ్ళ గోడకు వేలాడిన లైసెన్సు తుపాకి, ఠాణాలో గొలుసు వేసి నిలబెట్టిన త్రీనాట్‌త్రీ రైఫిలు, ఈ మూడింటిలో దేని మూతికీ మర కనిపించదు. మరలున్న మూతులు ఈ కొండలెక్కింది తర్వాతి కాలపు ఎస్‌ఎల్‌ఆర్, ఏకే రైఫిళ్ళతోనే.

అయితే తుపాకి రాకముందే కొండవాళ్ళు ఈ చిక్కును విల్లంబుల దగ్గర తీర్చుకున్నారు. బాణపు కర్ర వెదురుది, ములుకు ఇనుపది. ములుకు వెనక సన్నటి తోక ఉంటుంది. అది వెదురు గుల్లలోకి దిగుతుంది. పైన నారతో బిర్రుగా చుడతారు, లేకపోతే దెబ్బ తగలగానే కర్ర చీలిపోతుంది. ఇక్కడ పట్టు నారది, సూటి తోకది. కట్టడం అయ్యాక బాణాన్ని వేళ్ళ మధ్య గిరగిరా తిప్పితే ములుకు కొన ఒకేచోట నిలవాలి. అది గుండ్రంగా ఊగిందంటే తోక వంకరగా దిగినట్టే. నారను ఇంకెంత బిగించినా ఆ వంకర పోదు. ఊడకుండా ఉండడం వేరు, తిన్నగా ఉండడం వేరు అని ఇంతకన్నా తేటగా చూపించే పనిముట్టు లేదు.

తుపాకి మూతి దగ్గర ఈ తేడా ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే గుండు బయటపడే క్షణంలో ఏం జరుగుతుందో చూడాలి. త్రీనాట్‌త్రీగా పేరుబడ్డ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలులో గొట్టం పొడవు సుమారు 25 అంగుళాలు. గుండు ఆ దారిని సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూగా దాటేసి, సెకనుకు 740 మీటర్లకు పైగా వేగంతో మూతి విడుస్తుంది. లోపల దాన్ని తోసిన గ్యాసు అప్పటికింకా ఒత్తిడి మీదే ఉంటుంది. గుండు అడుగుభాగం అంచు దాటీ దాటగానే ఆ గ్యాసు చుట్టూ చిమ్మి, కాసేపు గుండునే మించి ముందుకు పోతుంది. అంచు అన్నివైపులా సమంగా ఉంటే గుండుకు అన్నివైపులా సమంగా తోపు. ఒకవైపు అరిగి ఉంటే గ్యాసు ముందుగా అటునుంచి తప్పించుకుంటుంది, గుండు తోక పక్కకు జరుగుతుంది, గురి చెడుతుంది.

అందుకే తుపాకి మొత్తంలో అతి సున్నితమైన చోటు మూతి అంచే. త్రీనాట్‌త్రీని శుభ్రం చేసే పుల్‌త్రూ తాడును వెనకనుంచి వేసి మూతిలోంచి లాగుతారు. రోజూ ఒకే పక్కకు ఒరిపిడి పెట్టి లాగితే ఇసుక అంటిన ఆ మెత్తటి తాడే ఏళ్ళ తరబడి ఇనుమును కోస్తుంది. అంచులో వేలి గోటికి తగిలీ తగలని గాడి పడుతుంది. మిగతా గొట్టమంతా కొత్తదానిలా మెరుస్తున్నా ఆ రైఫిలు ఇక నమ్మదగ్గది కాదు. తాడు ఒరిపిడే ఇంత చేస్తే, మూతికి బిగించిన ఇనుప వస్తువు వంకరగా కూర్చుంటే ఏమవుతుందో ఊహించవచ్చు. గ్యాసు ఒకవైపు తిరుగుతుంది. వంకర మరీ ఎక్కువైతే గుండు ఆ వస్తువునే తాకుతుంది. అప్పుడు ప్రమాదం ఎదుటివాడికే కాదు, కాల్చేవాడికీ పక్కన నిలబడ్డవాడికీ కూడా.

మర ఈ ఇబ్బందిని సగమే తీరుస్తుంది. మర అంటే గొట్టం చుట్టూ చుట్టుకున్న ఏటవాలు దారి. దాని మీద తిప్పిన వస్తువు ముందుకు జారి బిగుస్తుంది, కాబట్టి పట్టు దొరుకుతుంది. కానీ మరల మధ్య ఎప్పుడూ కాస్త సందు ఉంటుంది. సందు లేకపోతే అసలు తిరగదు. ఆ సందులో వస్తువు కొద్దిగా ఊగగలదు. సూటినిచ్చేది మర వెనక గొట్టం మీద చెక్కిన మెట్టు. గొట్టం దారికి లంబంగా కోసిన ఆ మెట్టుకు ఆనుకున్నప్పుడే తగిలించిన వస్తువు తిన్నగా నిలుస్తుంది. దెబ్బదెబ్బకూ వచ్చే అదురుకు మర వదులు కాకుండా మూడో ఏర్పాటు కూడా కావాలి. 1959లో వచ్చిన ఏకేఎం రైఫిలు మూతికి ఏటవాలుగా కోసిన చిన్న ముక్క ఉంటుంది. గ్యాసును పైపక్కకు మళ్ళించి తుపాకి ఎగరకుండా చూడడం దాని పని. అది మరల మీద తిరిగినా, వెనకనుంచి స్ప్రింగు మీద పొడుచుకొచ్చే చిన్న మేకు గాడిలో పడి దాన్ని కదలనివ్వదు. మర, మెట్టు, మేకు మూడూ కలిస్తేనే మూతికి తగిలించింది నమ్మకంగా నిలుస్తుంది.

మర లేని గొట్టానికి మొదట తగిలించింది కత్తి. పదిహేడో శతాబ్దపు సిపాయి తుపాకి ఒకసారి పేలాక మళ్ళీ మందు దట్టించేదాకా అది ఒట్టి ఇనుప కర్రే. ఆ ఖాళీని పూడ్చడానికి కత్తికి సన్నగా దిగే చెక్క పిడి పెట్టి, ఆ పిడిని నేరుగా గొట్టం నోట్లో కుక్కేవాళ్ళు. బాయినెట్ మొదటి రూపం అదే. కూర్చోవడం సూటిగానే కూర్చునేది, పట్టు మాత్రం పిడి బిగువును బట్టి. పైగా నోరు మూసుకున్న తుపాకి పేలదు. ఇది ఎంత చేటు తెచ్చిందో 1689 జులై 27న స్కాట్లాండులోని కిల్లీక్రాంకీ దగ్గర తేలింది. కొండ మీదినుంచి కత్తులు దూసి పరుగున దిగిన హైలాండ్ వీరులు ప్రభుత్వ సైన్యం మీద పడేసరికి, సైనికులు ఒకసారి కాల్చి బాయినెట్లు కుక్కుకునే ప్రయత్నంలోనే ఉన్నారు. వాళ్ళ సేనాని మెకే ఓడిపోయాక, తుపాకి నోరు మూయకుండా కత్తిని తగిలించే దారి వెతికినవాళ్ళలో చేరాడు. కొండవాళ్ళు వాలు వెంట దూకితే పల్లపు సైన్యానికి మిగిలే వ్యవధి ఎంతో తూర్పు కనుమల చరిత్ర తెలిసినవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

పరిష్కారం దొరికింది గొట్టంలో కాదు, గొట్టం బయట. బాయినెట్‌కు పిడి తీసేసి ఇనుప గొట్టాన్ని పెట్టారు. తుపాకి మూతి మీదికి అది తొడుగులా జారుతుంది. తొడుగులో మెలిక తిరిగిన గాడి, తుపాకి మీద చిన్న బొడిపె. బొడిపె గాడిలోకి దూరగానే తొడుగును పావువంతు తిప్పితే కదలకుండా నిలుస్తుంది. కత్తి గొట్టానికి ఎదురుగా రాకుండా మెడ వంచుకుని పక్కకు తప్పుకుంటుంది. కాబట్టి కత్తి ఉండగానే మందు దట్టించవచ్చు, కాల్చవచ్చు. ఇంగ్లీషువాళ్ళ బ్రౌన్ బెస్ తుపాకి మీద ఆ బొడిపె పైవైపు ఉండేది. బాయినెట్‌ను పట్టి ఉంచడంతోపాటు గురి చూసే గుర్తుగా కూడా అదే పనికొచ్చేది. మూతికి మర లేకుండానే నూట యాభై ఏళ్ళకు పైగా ప్రపంచ సైన్యాలెన్నో దీనితోనే నెట్టుకొచ్చాయి. తొడుగు కాస్త వదులైనా నష్టం లేదు, ఎందుకంటే గుండు దానిలోంచి పోదు. సూటి అక్కరలేని చోట పట్టు ఒక్కటీ చాలు.

బ్రౌన్ బెస్‌లో చవకగా, త్వరగా తయారయ్యేలా ఈస్టిండియా కంపెనీ చేయించుకున్న రకానికి ఇండియా పాటర్న్ అని పేరు. గొట్టం 39 అంగుళాలు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్ సైన్యమే దాన్ని తీసుకుంది. ఉత్తర సర్కారుల్లో కంపెనీ బలం అలాంటి తుపాకి, బాయినెట్ల మీదే నిలబడింది. 1794 జులై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి ప్రాణాలు విడిచిన యుద్ధం ఆ కాలానిదే.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో మూతి బయట పెద్ద మార్పేమీ రాలేదు, లోపల వచ్చింది. 1853 నాటి ఎన్‌ఫీల్డ్ గొట్టంలో మెలికలు తిరిగే గాడులు కోశారు. గుండు బొంగరంలా తిరుగుతూ పోయి దూరంగా, గురిగా తగిలేది. దాని తూటాల కొవ్వు గొడవ 1857 తిరుగుబాటుకు నిప్పంటించిన సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగింది అంతగా తెలియదు. భారతీయ సిపాయిల కోసం 1858లో పైకి అచ్చం ఎన్‌ఫీల్డ్ లాగే ఉండే మస్కెట్ తయారైంది. దాని గొట్టంలో గాడులు ఉండవు. భుజాన వేసుకుని నడిచే ఇద్దరు సైనికుల తుపాకులు బయటికి ఒక్కటే, నోట్లోకి తొంగిచూస్తే వేరు. 1878 ఆయుధాల చట్టం మామూలు జనానికి లైసెన్సు లేని తుపాకిని నేరం చేసింది. తర్వాతి కాలంలో ఇషాపూర్ కర్మాగారం లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళనే గాడులు లేని .410 మస్కెట్లుగా, ఒకసారికి ఒకే తూటా పట్టేలా మార్చి పోలీసులకు, జైలు కాపలావాళ్ళకు ఇచ్చింది. తుపాకి మీద పెత్తనం ఎవరిదో గొట్టం లోపలే రాసి ఉండేది.

తూర్పు కనుమల్లో ఆ పెత్తనం మీద తిరుగుబాటు 1922 ఆగస్టులో పేరుకెక్కింది. అల్లూరి సీతారామరాజు దళం 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. తుపాకులతోపాటు తూటాలనూ మోసుకెళ్ళడంలో వాళ్ళ తెలివి కనిపిస్తుంది. నాటు తుపాకికి నోట్లోంచి ఏది పోసినా పేలుతుంది. వెనకనుంచి తూటా తినే తుపాకి మాత్రం కర్మాగారం చేసి ఇచ్చిందే తింటుంది. 1967 అక్టోబరు 31న ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పుల్లో గిరిజనులు కోరన్న, మంగన్న చనిపోయినప్పుడూ కొండవాళ్ళ చేతుల్లో ఉన్నవి ఎక్కువగా విల్లంబులు, గొడ్డళ్ళే. తుపాకి మూతికి ఏం తగిలించారన్న ప్రశ్న కన్నా తుపాకి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఇక్కడ ఎప్పుడూ పెద్దదే.

త్రీనాట్‌త్రీ తయారుచేసినవాళ్ళు మూతిని అసలు ముట్టుకోకూడదని తీర్మానించుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సైన్యంలోకి వచ్చిన పొట్టి లీ ఎన్‌ఫీల్డ్‌ను చూడగానే గుర్తుపట్టేది దాని మొండి ముక్కుతోనే. కొనదాకా చెక్క, చెక్క చివర బరువైన ఇనుప తొప్పి, తొప్పిలోంచి వెంట్రుకవాసి బయటికొచ్చిన గొట్టం. బాయినెట్ ఉంగరం గొట్టం మీదికి ఎక్కదు. గొట్టం కింద ఇనుప తొప్పికే ఉన్న బొడిపె మీదికి ఎక్కుతుంది, వెనక పిడి ఇంకో పట్టులో పడి టక్కున బిగుస్తుంది. పదిహేడు అంగుళాల కత్తి బరువంతా తొప్పి మీదా చెక్క మీదా పడుతుంది. గొట్టం తన దారిన తాను అదురుకుంటుంది. గురి గొట్టానిది, బరువు చెక్కది అని పని పంచేశారన్నమాట.

రష్యావాళ్ళు దీనికి సరిగ్గా ఎదురుదారి పట్టారు. 1891 నాటి మోసిన్ రైఫిలుకు తొడుగు బాయినెట్ నేరుగా గొట్టం మీదికే ఎక్కుతుంది. కొన మీద బరువు పెడితే గొట్టం అదురు మారుతుంది, గుండు పడే చోటూ మారుతుంది. అందుకని వాళ్ళు బాయినెట్ తగిలించి ఉంచే గురి సరిచేసేవాళ్ళు. బాయినెట్ తీసి కాలిస్తే గుండు పక్కకు పడుతుంది. మూతికి ఏం తగిలించినా గురి మళ్ళీ మొదటినుంచి సరిచూసుకోవాలన్న సూత్రం ఇక్కడే ఉంది. తగిలించింది ఎంత చిన్నదైనా, ఎంత బాగా కూర్చున్నా ఈ సూత్రానికి మినహాయింపు లేదు.

త్రీనాట్‌త్రీ ఇనుప తొప్పి మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంకో బరువు కూడా మోసింది. చేత్తో విసిరే మిల్స్ గ్రెనేడు పోయేంత దూరం చాలక, రెండున్నర అంగుళాల నోరున్న ఇనుప గిన్నెను తొప్పికి తగిలించారు. గిన్నె అడుగున ఉన్న కొక్కేలు తొప్పిని పట్టుకుంటాయి, మీట బిగిస్తే కదలదు. గ్రెనేడును గిన్నెలో కూర్చోబెట్టి, గుండు లేని ప్రత్యేకమైన తూటా కాలిస్తే ఒట్టి గ్యాసే దాన్ని ఎత్తి సుమారు రెండు వందల గజాల దూరం విసురుతుంది. ఇక్కడ గుండే లేదు, కాబట్టి గొట్టం దారికి గిన్నె వెంట్రుకవాసి తేడాగా ఉన్నా ఫరవాలేదు. కానీ తన్ను మాత్రం మామూలు కాల్పుకు ఎన్నో రెట్లు. చెక్క పగిలిపోతుంది. అందుకే ఆ పనికి కేటాయించిన రైఫిళ్ళ చెక్కకు రాగి తీగో తాడో దట్టంగా చుట్టేవాళ్ళు. బాణపు కర్రకు నార చుట్టినవాళ్ళు దాన్ని చూస్తే ఎందుకని అడగరు.

మర లేని మూతికి పట్టు, సూటి రెండూ ఒకేసారి కావలసిన సందర్భం రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. యుద్ధం బర్మా అడవుల్లో ముదిరింది. దట్టమైన చెట్ల మధ్య పొడుగాటి రైఫిలు అడుగడుగునా తట్టుకుంటుంది. దాన్ని పొట్టిది, తేలికది చేయాలన్న ఆలోచనతో 1944లో నంబర్ ఫైవ్ రైఫిలు వచ్చింది. జనం నోట అది జంగిల్ కార్బైన్. గొట్టం 19 అంగుళాలకు లోపే. అసలు ఇబ్బంది అక్కడే మొదలైంది. తూటాలోని మందు పొడుగు గొట్టానికి సరిపోయేలా చేసింది. పొట్టి గొట్టంలో అది పూర్తిగా కాలకముందే గుండు బయటపడుతుంది. మిగిలిన మందు, వేడి గ్యాసు మూతి ముందు గాలి తగిలి భగ్గున మండుతాయి. చీకటి అడవిలో ఆ మంట కాల్చినవాడి కళ్ళనే ముందు చెదరగొడుతుంది. రెండో గుండు ఎక్కడ వేయాలో వాడికి కనిపించదు.

దానికి విరుగుడు మూతికి తగిలించిన గరాటా. వెనక సన్నగా, ముందు వెడల్పుగా విచ్చుకున్న ఆ ఇనుప గరాటాలో గ్యాసు పరుచుకుని చల్లబడుతుంది, మంట తగ్గుతుంది. గుండు సరిగ్గా దాని నడుమనుంచి పోవాలి కాబట్టి ఈసారి సూటి తప్పనిసరి. గొట్టం మీద మర కోయలేదు. గరాటా వెనకభాగం, ముందు గురి నిలిచే దిమ్మె, బాయినెట్‌కు పట్టు, అన్నీ ఒకే ముక్కగా చేసి గొట్టం మీద బిగుతుగా ఎక్కించారు. తర్వాత అడ్డంగా రంధ్రాలు వేసి రెండు పిన్నులు దిగగొట్టారు. పిన్నులు గొట్టం అంచును కాస్త కొరుకుతూ ఆ చివరనుంచి ఈ చివరకు పోతాయి. బిగుతుగా పట్టిన ఆ తొడుగు సూటినిస్తే, పిన్నులు పట్టునిస్తాయి. కర్మాగారంలో ఒకసారి ఎక్కిందంటే సిపాయి తీయడానికి లేదు, తీయాల్సిన పనీ లేదు. దీని బాయినెట్‌ను విడిగా చూస్తే ఉంగరం అంత పెద్దదెందుకా అనిపిస్తుంది. ఆ ఉంగరంలోంచి గొట్టం కాదు, గరాటా నోరు దూరాలి.

ఇంత జాగ్రత్తగా చేసిన తుపాకి మీద కూడా ఫిర్యాదు వచ్చింది. ఒకరోజు సరిచేసిన గురి మరో రోజుకు నిలవడం లేదన్నారు. తేలిక చేయడానికి శరీరం మీద కోసిన కోతలే కారణమని చాలామంది అనుమానించారు, వాదన మాత్రం తెగలేదు. 1947లో దాని తయారీ ఆగిపోయింది. మర లేని గొట్టం చివర గరాటా నిలబెట్టడం ఎంత పెద్ద కర్మాగారపు పనో చెప్పడానికి ఈ తుపాకి చాలు.

యుద్ధం సంగతి పక్కన పెడితే, మర లేని గొట్టానికి అందంగా కుదిరిన తొడుగు క్రీడా తుపాకుల్లో కనిపిస్తుంది. పది మీటర్ల ఎయిర్ రైఫిలులో గొట్టం పొట్టిగా ఉంటేనే పెల్లెట్ త్వరగా బయటపడుతుంది, చేతి వణుకు దాని మీద పడే వ్యవధి తగ్గుతుంది. కానీ ముందు గురి ఎంత దూరంగా ఉంటే అంత కచ్చితంగా చూడవచ్చు. ఈ రెండు కోరికలనూ కలపడానికి పొట్టి గొట్టం మీద ఖాళీ తొడుగును తొడిగి, పట్టీని చిన్న స్క్రూలతో బిగిస్తారు. ముందు గురి ఆ తొడుగు కొనన నిలుస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచింది ఈ పది మీటర్ల పోటీలోనే. అంతర్జాతీయ నియమాలు యంత్రభాగం వెనకనుంచి తొడుగు కొనదాకా మొత్తం పొడవు 850 మిల్లీమీటర్లు దాటకూడదంటాయి. తొడుగుకు చిల్లులు ఉండకూడదంటాయి. గ్యాసును మళ్ళించి తన్ను తగ్గించే ఏర్పాట్లను రైఫిలు పోటీల్లో అసలే ఒప్పుకోవు. యుద్ధంలో ఏ సాయం కోసం మూతికి అన్నేసి తగిలించారో, ఆటలో ఆ సాయమే నిషిద్ధం.

ఇక నాటు తుపాకి. దాని మూతి రాకకూ పోకకూ ఒకటే దారి. మందు, గుడ్డపీలిక, రవలు అన్నీ నోట్లోంచే పోసి కడ్డీతో దట్టిస్తారు. మూతికి ఏది శాశ్వతంగా తగిలించినా ఆ దారికి అడ్డమే. అసలు అవసరమూ లేదు. చోడి చేలోకి, కంది చేలోకి రాత్రిపూట దిగే పందుల గుంపును తరమడానికి మంచె మీదివాడికి కావలసింది చప్పుడూ మెరుపే. సైనికుడు దాచాలనుకున్నవి రెండూ రైతుకు పనికొచ్చేవి. ఒడిశా వైపునుంచి ఈ కొండల్లోకి దిగే ఏనుగులనైతే చప్పుడు చేసి దారి మళ్ళించడమే తప్ప వాటిమీద తుపాకి ఎత్తడం వన్యప్రాణి చట్టం ప్రకారం పెద్ద నేరం.

1959 ఆయుధాల చట్టానికి ఈ తేడా తెలుసు. పంట కాపలా కోసం నిజంగా అవసరమైనవారికి మూతిలోంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్‌లోనే ఉంది. గాడులు లేని మామూలు తుపాకి అయితే గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదు. ఆ తుపాకి చాలదని అధికారికి నమ్మకం కలిగితే పంట కాపలాకే ఇంకో రకం నున్నటి గొట్టం తుపాకికి అనుమతి ఇచ్చే వీలు కూడా అక్కడే ఉంది. మూతికి తగిలించే వస్తువుల దగ్గరికి వచ్చేసరికి చట్టం గొంతు మారుతుంది. కాల్చినప్పటి చప్పుడునో మెరుపునో తగ్గించడానికి చేసిన ఉపకరణం విడిగా ఉన్నా సరే తుపాకి కిందే లెక్క అని 2వ సెక్షన్ నిర్వచనం చెబుతుంది. అంటే గుండు పేల్చలేని ఒక ఇనుప గరాటాకు కూడా తుపాకికి ఉన్న కట్టుబాట్లే వర్తిస్తాయి. లైసెన్సు లేకుండా తుపాకిని తయారుచేయడం, మార్చడం, మరమ్మతు చేయడం 5వ సెక్షన్ ప్రకారం నేరం. గొట్టం పొట్టి చేయడం 6వ సెక్షన్ కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత వీటికి శిక్ష ఏడేళ్ళనుంచి యావజ్జీవం దాకా ఉండవచ్చు.

చట్టం ఇంత కటువుగా ఉండడానికి శాంతిభద్రతల కారణాలు ఎలాగూ ఉన్నాయి. ఇనుము చెప్పే కారణం కూడా ఒకటుంది. బోరు పైపులకు మరలు కోసే లేత్ షాపు ఏ పట్నంలోనైనా దొరుకుతుంది. అయితే అక్కడి లేత్ మామూలుగా వస్తువును బయటి గుండ్రాన్ని బట్టే పట్టుకుంటుంది. తుపాకి గొట్టంలో బయటి గుండ్రం, లోపలి రంధ్రం ఒకే నడిమి బిందువు మీద ఉండాలని లేదు. బయట చూసి కోసిన మర లోపలి దారికి వంకర కావచ్చు. పైపు గొట్టంలో నీళ్ళకు ఆ వంకర తెలియదు, గుండుకు తెలుస్తుంది. పాత గొట్టం అంచు మందం తక్కువ, మర కోస్తే ఇంకా పలచబడుతుంది. పట్టీ వేసి బిగిస్తే కొన మీద ఒత్తిడి పడి రంధ్రం నలుగుతుంది. నాటు తుపాకికి చాలాసార్లు అతుకున్న మామూలు పైపే గొట్టం. దానికి మూతి దగ్గర అడ్డం పెట్టడమంటే ఒత్తిడిని కాల్చేవాడి ముఖం దగ్గర నిలిపినట్టే.

అందువల్ల మర లేని పాత తుపాకి చేతిలో ఉన్నవారికి పద్ధతి ఒకటే. లైసెన్సు మీద రాసిన రూపంలోనే దాన్ని ఉంచాలి, మూతి అంచును తాడు ఒరిపిడినుంచి, దెబ్బలనుంచి కాపాడాలి, మరమ్మతు అవసరమైతే ఆ పనికి లైసెన్సున్న దుకాణానికే ఇవ్వాలి. పోలీసుల త్రీనాట్‌త్రీలు ఒక్కొక్క రాష్ట్రంలో సెలవు తీసుకుంటున్నాయి. 2020 జనవరి 26న ఉత్తరప్రదేశ్ పోలీసులు వాటికి లాంఛనంగా వీడ్కోలు చెప్పారు. వాటి స్థానంలో వస్తున్న రైఫిళ్ళకు పట్టు, సూటి రెండూ డ్రాయింగు బల్ల దగ్గరే ఖాయమై, మర, మెట్టు, మేకు కర్మాగారంలోనే కుదురుతున్నాయి. తగిలించడం అన్న పని సిపాయి చేతినుంచి, ఆయుధశాల మిస్త్రీ చేతినుంచి కర్మాగారానికి వెళ్ళిపోయింది.